సర్కారుకు జామీను

ఆ పొద్దున సాంబయ్య మక్కచేనుకు పెంట తోలడానికి బండి కట్టాడు. ఇంతలో చాటింపు వినబడింది. గోదావరి కాలువకు అప్పిచ్చే విదేశీ బ్యాంకు దొర మధ్యాహ్నం ఊరికి వస్తాడనీ, తమ బ్యాంకు గురించి జనం ఏమనుకుంటున్నారో అడుగుతాడనీ దాని సారాంశం. కాలువ వస్తే మొదట తడిసేది సాంబయ్య చేనే. రాకపోతే ఈ ఏడు కూడా మక్క ఎండుతుంది, ఆలుమగలు కాగజ్‌నగర్‌కు కూలికి పోవాలి.

అప్పిచ్చేవాడు తన గురించి తానెక్కడైనా అడుగుతాడా? నిరుడు బావి పూడిక తీయడానికి సాంబయ్యకు అప్పిస్తానన్న సుల్తానాబాద్ సావుకారి, ముందు ఇరుగుపొరుగును విచారించాడు. పక్కింటి దశరథం ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పు రాలేదు. ఇప్పుడు అప్పు తీసుకునేది సర్కారు కనుక, దొర విచారించేది సర్కారు నడవడికేనని సాంబయ్య తేల్చుకున్నాడు. సర్కారు మీద ఎవరూ నోరు జారొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

"బడికి కప్పు లేదు, దవాఖాన లేనే లేదు. ఏం చూపెట్టి మంచిదంటవయ్యా?" అంది భార్య చంద్రవ్వ.

"లేకుంటే చేద్దాం."

చేశాడు కూడా. తన కొట్టం మీది గడ్డి పీకి బడికి కప్పించాడు. చేనుకు తోలాల్సిన పెంటతో దారి గుంతలు పూడ్చి పైన మట్టి పరిచాడు. ఊళ్లో కళ్లద్దాలున్నవాడు దశరథం ఒక్కడే కాబట్టి, నిరుటి పాపం కడుక్కోమని అతన్ని చావడిలో డాక్టరుగా కూర్చోబెట్టాడు. ఎదురింటి ఐలవ్వ రోగిగా మంచమెక్కింది. డాక్టరొచ్చాడని విని నిజం రోగులు పక్క ఊళ్ల నుంచి వరస కట్టారు. దశరథం చెమటలు తుడుచుకుంటూ అందరికీ ఆముదమే మందుగా రాసిచ్చాడు.

జీపు సాఫీగా వచ్చింది. దొర అన్నీ చూసి మురిసిపోయాడు. తమ బ్యాంకు మీద అభిప్రాయం ఏమిటని వెంట వచ్చిన ఇంజనీరు చేత అడిగించాడు.

సాంబయ్య చేతులు కట్టుకున్నాడు. "మీ బ్యాంకుతోని మాకేం పంచాయితీ లేదు దొరా. సర్కారు మాత్రం బంగారం. అప్పియ్యిండ్రి, ఎగబెట్టది. నేను జామీనుంట."

మరి ఊరికి ఏం కావాలని దొర అడిగాడు. సాంబయ్య గుండె కాలువ కాలువ అని కొట్టుకుంది. కానీ ఏదైనా తక్కువైందంటే సర్కారుకు మాటొస్తుంది. పంటి బిగువున, ఏ లోటూ లేదన్నాడు.

దొర ఇంగ్లీషులో ఏదో చెప్పి జీపెక్కాడు. ఇంజనీరు తల పట్టుకున్నాడు. "లోటున్న ఊళ్లకే కాలువ తవ్వించమన్నారయ్యా. మీ వంతు పక్క ఊరికి పోయింది."

పక్క ఊరివాళ్లు అంతకుముందే దొర ముందు సర్కారును తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారని మర్నాడు తెలిసింది. చంద్రవ్వ కళ్లు ఒత్తుకుంటూ కాగజ్‌నగర్‌కు మూట కట్టింది. సాంబయ్య దాన్ని నెత్తికెత్తుకుని, దొర అడిగినదానికి అప్పుడు జవాబు చెప్పాడు.

"గన్ని తిట్లు ఇని గూడ అప్పిచ్చిండంటే, గా బ్యాంకు ఎక్కువ దినాలు నడవది."