లక్షకు మూడు వందల కిలోమీటర్లు తక్కువ

ఆ ఆదివారం ఉదయం అతని ముందున్న పని ఒక్కటే. చనిపోయిన అన్న మోటార్ సైకిలెక్కి మూడు వందల కిలోమీటర్లు తిరిగి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. పని పెద్దదేం కాదు. కాకపోతే చేయాల్సినవాడికి గేర్లున్న బండి నడపడం రాదు.

రాదన్న సంగతి ఎవరికీ తెలియదు. అతను నీళ్ల ఆఫీసులో గుమాస్తా. గేర్లు లేని స్కూటరు మీద, సైకిలువాళ్లు కూడా విసుక్కుని దాటిపోయేంత నిదానంగా ఆఫీసుకు వెళ్లొస్తుంటాడు. అన్న అలా కాదు. ఒకే బండి మీద పాతికేళ్లు తిరిగాడు. శనివారం రాత్రి అన్నం తింటూ మ్యాపు చూసేవాడు, ఆదివారం తెల్లవారేసరికి వీధిలో ఉండేవాడు కాదు. రెండు నెలల కిందట గుండె ఆగినప్పుడు కూడా బండి దిగలేదు. టైరు చూపించుకుందామని బండ్లు బాగుచేసే మేస్త్రి షెడ్డు దగ్గర ఆగాడట, ఆగినవాడు ఆగినట్టే హ్యాండిలు మీదికి వాలిపోయాడట. "పోతే అలా పోవాలి. బండి మీదే పోయాడు" అని వచ్చినవాళ్లంతా శవం పక్కనే మెచ్చుకున్నారు. తమ్ముడు వెక్కి వెక్కి ఏడుస్తూనే కాస్త కుళ్లుకున్నాడు కూడా.

అన్న పోయేనాటికి బండి మీటరు లక్షకు మూడు వందల చిల్లర తక్కువలో ఉంది. లక్ష తిరిగినవాళ్ల పేర్లు బండ్ల క్లబ్బు గోడ మీద ఇత్తడి పలకల్లో ఉంటాయి. అన్న పేరు ఆ గోడకెక్కాలంటే మిగిలిన దూరాన్ని ఇంట్లోవాళ్లెవరైనా పూర్తి చేస్తే చాలని క్లబ్బు ప్రెసిడెంటు పెద్ద మనసు చేసుకుని చెప్పాడు. అప్పుడు వదిన తమ్ముడి వైపు చూసింది.

"నువ్వు నడుపుతావురా?"

అతని తల్లి చనిపోయిన ఏడాదే ఆ ఇంటికి కోడలిగా వచ్చి, అతని ముక్కు తుడిచి, బడికి పంపి, జ్వరమొస్తే రాత్రంతా తలాపున కూర్చున్న మనిషి ఆమె. ఇన్నేళ్లలో అతన్ని ఏదీ అడిగి ఎరగదు. మొదటిసారి అడిగింది ఇదే.

"ఎందుకు నడపను వదినా!" అనేశాడు. అనేశాక గానీ ఏమన్నాడో అర్థం కాలేదు.

ఇక ఆ ఆదివారం ఆరింటికి వదిన టిఫిన్ డబ్బా చేతికిచ్చింది. ఎత్తలేక ఎత్తాడు.

"ఇంత ఎవరు తింటారు వదినా?"

"నాకా కొలతే అలవాటు. పట్టుకెళ్లు. తొందరేం లేదు, నిదానంగా వెళ్లు. కానీ వెళ్లు" అందామె.

బండిని తోసుకుంటూ గేటు దాటాడు.

"స్టార్ట్ చెయ్యవేంరా?"

"వీధంతా పడుకునుంది కదా, పాపం."

వీధి మీద అంత జాలి అతనికి పుట్టాక ఎప్పుడూ కలగలేదు. మలుపు తిరిగాక చెమట తుడుచుకుని, బండిని తిన్నగా నీళ్ల ఆఫీసు స్టోరు గదికి తోసుకుపోయాడు. ఆదివారం ఆఫీసుకు సెలవు. స్టోరు తాళం అతని దగ్గరే ఉంటుంది. పథకం వారం రోజులుగా ఆలోచించి పెట్టుకున్నదే. బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టడం, గేరు వేసి వెనక చక్రాన్ని గాల్లో తిప్పడం, మూడు వందలు పూర్తయ్యాక మొహానికి కాస్త దుమ్ము పూసుకుని ఇంటికి పోవడం. లోకం కంటపడకుండా షట్టరు కిందికి లాగాడు. చక్రం రివ్వున తిరిగింది. అతను పాత పైపుల మీద కూర్చుని, అన్న ఫొటోలో ఉన్నట్టు దర్జాగా కాళ్లు చాపుకున్నాడు.

అరగంటకు గది నిండా పొగ కమ్మింది. కళ్లు మండుతున్నాయి, తల తిరుగుతోంది. మీటరు మీదికి వంగి చూశాడు. ఒక్క అంకె కదిలితే ఒట్టు! అన్న బండి తనను నమ్మడం లేదేమోనని కూడా అనిపించింది. నిజానికి ఆ బండికి మీటరు కేబులు ముందు చక్రం నుంచి వస్తుంది. ముందు చక్రం మాత్రం స్టాండు వేసినప్పటి నుంచీ నేల మీద నిశ్చింతగా ఉంది. ఈ విషయం వీధిలో సైకిలు తొక్కే పిల్లలకు కూడా తెలుసు. ఇతనికి తెలియదు. మరింత గట్టిగా యాక్సిలేటరు తిప్పాడు.

షట్టరు కింద నుంచి నల్లటి పొగ రావడం ఆఫీసు వాచ్‌మన్ చూశాడు. సారుకు అన్నయ్య పోయి రెండు నెలలే అయింది. ఈమధ్య సారు సరిగ్గా అన్నం తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఇప్పుడు అన్న బండితో సహా గదిలోకి పోయి షట్టరు వేసుకున్నాడు. వాచ్‌మన్ పరుగెత్తాడు. "సారూ, వద్దు సారూ!" అని అరుస్తూ షట్టరు పైకెత్తి, ట్యాంకర్లు నింపే లావుపాటి గొట్టం విప్పాడు. నీళ్ల ఆఫీసులో నీళ్లకేం తక్కువ? ఆ దెబ్బకు గుమాస్తా, బండి, పాత రికార్డులు అన్నీ కలిసి వెనక గోడకు కొట్టుకున్నాయి.

"ఏ కష్టమొచ్చినా చెప్పుకోవాలి సారూ, ఇలా చేసుకుంటారా?" అని వాచ్‌మన్ అతన్ని పట్టుకుని బావురుమన్నాడు.

"నేనేం చేసుకోలేదయ్యా, మీటరు తిప్పుతున్నా!"

"అదే సారూ, మనసు చెదిరితే అలాగే అంటారు."

వాణ్ని విదిలించుకుని, నీళ్లోడుతున్న బండిని తోసుకుంటూ బయటపడ్డాడు. జేబులో ఫోను అప్పటికే తడిసి చచ్చింది. అది చావడం వల్ల జరిగిన అనర్థం అతనికి సాయంత్రానికిగానీ తెలియలేదు. హైవే మొదట్లో అతనికి తోడుగా వెళ్దామని క్లబ్బువాళ్లు ఇరవైమంది కాచుకున్నారు. ఎంతకీ రాకపోయేసరికి ఫోన్లు చేశారు, వెతికారు, చివరికి ఆఫీసుకు వచ్చి ఏడుస్తున్న వాచ్‌మన్‌ను చూశారు. మధ్యాహ్నానికల్లా "తమ్ముడు కూడా బండి మీదే పోయాడు" అన్న కబురు ఊరంతా పాకింది. ప్రెసిడెంటు కళ్లు తుడుచుకుని, పలక మీద ఇంకో పేరుకు చోటుంటుందా అని చెక్కేవాణ్ని అడిగాడు.

ఇవేవీ తెలియని తమ్ముడు తడి బట్టలతో మేస్త్రి షెడ్డు ముందు నిలబడ్డాడు. అన్న బండిని మొదటి నుంచీ చూసింది ఈ మేస్త్రే. ఆయన ప్లగ్గు విప్పి ఆరబెట్టాడు. ఎలా తడిసిందని అడగలేదు.

"మేస్త్రీ, ఒక మాట. ఎవరితోనూ అనకూడదు. రోడ్డెక్కకుండా ఈ మీటరు తిరిగే దారేమైనా ఉందా?"

మేస్త్రి లోపలికెళ్లి డ్రిల్లింగ్ మిషను తెచ్చాడు. దాని మూతికి ఒక చిన్న ఇత్తడి ముక్క బిగించి ఉంది. మీటరు కేబులు కొస అందులో సరిగ్గా కూర్చుంది. ఆ ఇత్తడి ముక్క బాగా అరిగిపోయి ఉంది.

"మూడు గంటల పని. కూర్చో" అన్నాడు.

మిషను గుయ్యిమంది. అంకెలు పరిగెత్తాయి. తమ్ముడికి పొద్దున్నించీ మొదటిసారి ఊపిరాడింది. ఆకలి గుర్తొచ్చి డబ్బా తీశాడు. మూత తీసి మేస్త్రే లోపలున్న రెండు గిన్నెలనూ విడదీశాడు, ఒకటి అతని ముందు పెట్టి రెండోది తన ముందుకు లాక్కున్నాడు. అడగనైనా లేదు.

"మీ వదినమ్మ ఇంకా మర్చిపోలేదు. ఇద్దరికీ పెట్టింది" అన్నాడు.

"ఏ ఇద్దరికి?"

మేస్త్రి ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు.

"నీకు తెలిసే ఇక్కడికి వచ్చావనుకున్నానే" అన్నాడు.

తెలియదు. తెలిశాక గిన్నె కింద పెట్టేశాడు. అయిదేళ్ల కిందట హైవే మీద అన్న ఒక లారీ కిందికి వెళ్లబోయి వెంట్రుకవాసిలో బయటపడ్డాడు. ఒంటి మీద గీత పడలేదు. కానీ ఆ తర్వాత రోడ్డు కనిపిస్తే చాలు, చేతులు వణికేవి. ఇంట్లో చెప్పుకోలేకపోయాడు. క్లబ్బులో అసలే చెప్పుకోలేడు. ఆదివారం తెల్లవారుజామున బయల్దేరి, నాలుగు వీధులు తోసుకుంటూ వచ్చి, ఈ షెడ్డులో స్టాండు మీద బండెక్కి కూర్చునేవాడు. మిషను తిరుగుతుంటే తాను చూసిన ఊర్ల గురించీ, చూడని ఊర్ల గురించీ కూడా మేస్త్రికి చెప్పేవాడు. సాయంత్రం ఇంటికెళ్లేవాడు.

"మరి ఆ రోజు?"

"ఆ రోజూ అంతే. ఇదిగో, ఇక్కడే. సముద్రం గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. నాకు చేయీ కాలూ ఆడలేదు తమ్ముడూ. ఆయన పోయాక కూడా మీటరు పదకొండు కిలోమీటర్లు తిరిగింది. ఆపాలని తోచలేదు."

తమ్ముడికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, తర్వాత రెండూ ఆగలేదు. పాతికేళ్లుగా ఎవర్ని చూసి తాను పిరికివాణ్నని సిగ్గుపడ్డాడో ఆ మనిషి ఇక్కడ, ఈ నూనె మరకల మధ్య, తనలాగే భయపడుతూ కూర్చున్నాడు. ఒక్కసారి చెప్పి ఉంటే ఇద్దరూ కలిసి స్కూటరు మీద సైకిళ్ల వెనక పోయేవాళ్లు. మేస్త్రి కూడా కళ్లొత్తుకున్నాడు. మళ్లీ ఎవరికీ ఆపాలని తోచలేదు. అయిదంకెల మీటరు లక్ష చేరి, అన్నీ సున్నాలై, దాన్నీ దాటిపోయింది. ఒక్కరూ చూడలేదు.

"ఇక ఆపండి" అన్న మాట వినబడి ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు.

గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఇంటినిండా క్లబ్బువాళ్లు దండలు పట్టుకుని కూర్చున్నారట. కాసేపు అలాగే కూర్చోమని చెప్పి పెరటి దారిన వచ్చేసిందట. ఎక్కడ వెతకాలో ఆమె ఎవర్నీ అడగలేదు.

"వదినా, నీకు..."

"అయిదేళ్లు ఆయన చొక్కాలు ఉతికాన్రా. ఒక్కదానికీ రోడ్డు దుమ్ము లేదు. అన్నీ గ్రీజు మరకలే. తనంతట తను చెబుతాడని చూశాను. చెప్పకుండానే పోయాడు."

"అన్నీ తెలిసి మరి నన్నెందుకు వెళ్లమన్నావు?"

"పలక కోసం కాదు. ఆయన పేరు మీద ఆఖరి మూడు వందలైనా బండి నిజంగా రోడ్డు మీద నడవాలనుకున్నాను. అందుకే నిన్నడిగాను. నీకు అబద్ధమాడ్డం చేతకాదనుకున్నాను" అంది వదిన.

అతను తల దించుకున్నాడు. పొద్దున్నించీ తగిలిన దెబ్బల్లో ఇదే గట్టిగా తగిలింది. ట్యాంకరు గొట్టం దీని ముందు ఎందుకూ పనికిరాదు.

"నాకు గేర్ల బండి రాదు వదినా. భయం" అన్నాడు, నేల చూస్తూ.

ఆ మాట ఆ ఇంటి మగాడి నోట వినడానికి ఆమె అయిదేళ్లు ఎదురుచూసింది.

"పలక వద్దని ప్రెసిడెంటుకు రేపు నేనే చెబుతాలే. నువ్వు ఆ మిషను తీయించు" అంది.

మేస్త్రి కేబులు తిరిగి ముందు చక్రానికి బిగించాడు. వదిన చీర కుచ్చిళ్లు సర్దుకుని వెనక సీటు మీద కూర్చుంది. "పద. పడితే ఇద్దరం పడదాం" అంది. తమ్ముడు గేరు వేశాడు. బండి ఒక్క గెంతు గెంతి, దగ్గి, ఆగింది. మళ్లీ గెంతింది, మళ్లీ ఆగింది.

వాళ్లు పెద్ద రోడ్డు చేరేసరికి మీటరు మీద ఒక కిలోమీటరు పెరిగింది. అందులో సగం ఇద్దరూ దిగి తోసింది.