ఆకుపచ్చ చుక్క ఉన్న పంపు

ఆదివారం పొద్దున్నే పాత పంపు విప్పేసి, పదింటికల్లా సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి కొని, భోజనాల వేళకి బిగించేయాలన్నది ప్రూఫులాయన పథకం. ఇరవై ఆరేళ్లుగా పత్రికాఫీసులో అచ్చుతప్పులు దిద్దుతున్నాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని అలాగే అంటారు. ఎన్నిసార్లు తిరగేసినా ఆ పథకంలో ఆయనకి తప్పేమీ దొరకలేదు.

కారు వాళ్ల నాన్నది. ఆయన పోయి ఏడాదైంది. వారం కిందట స్టీరింగ్ బిగుసుకుపోయింది. మలుపు తిప్పాలంటే భుజాలు ఊడొచ్చేవి, తిప్పినప్పుడల్లా బానెట్ లోపల కీచుమని ఒకటే ఏడుపు. మెకానిక్ బానెట్ ఎత్తకుండానే "పవర్ స్టీరింగ్ పంపు పోయింది సార్" అని, కొత్తదానికి ఎంతవుతుందో చెప్పాడు. ఆ ధర వినగానే ఇల్లాలు పాత ఇనుము కొనేవాడికి కబురు పెట్టింది. సాయంత్రం ఐదింటికి లారీ వస్తుంది. ఆలోగా స్టీరింగ్ తిరిగితే కారు ఉంటుంది, లేకపోతే తూకానికి పోతుంది.

"నాన్న గుర్తు అదొక్కటే మిగిలింది" అన్నాడాయన.

"గుర్తులకేం తక్కువండీ? ఇంట్లో ఏది తీసినా ఆకుపచ్చ చుక్కే! వెతికితే మీ వీపు మీదా ఒకటి ఉంటుంది."

ఆవిడన్నదీ నిజమే. పెద్దాయనకి లోకం మీద నమ్మకం తక్కువ. గొడుగుకి, పట్టకారుకి, కళ్లజోడు పెట్టెకి, ఎవరూ మార్చేయకుండా ఆకుపచ్చ రంగుతో చుక్క పెట్టేవాడు. మెకానిక్కుల మీద అనుమానంతో కారు లోపలి సామానుకి కూడా పెట్టాడు. ఇప్పుడవన్నీ జిడ్డు కింద ఉన్నాయి.

ఏడింటికి బావమరిది వచ్చాడు. వీడియోలు చూసి సర్వం నేర్చుకున్నవాడు. "బావా, గంటలో పని" అన్నాడు. మూడు గంటలు పట్టింది. పంపులో మిగిలిన నూనె పట్టడానికి అక్కయ్య పాలగిన్నె తెచ్చాడు. అది చాలక ఆరేసిన దుప్పటి లాగాడు. ఒక బోల్టు కిందికి జారి ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి. చివరికి జిడ్డూ మట్టీ పేరుకుపోయి ముద్దలా ఉన్న పంపు బయటికొచ్చింది. ప్రూఫులాయన దాన్ని చూడలేక మొహం తిప్పేసుకున్నాడు.

ఆయన బజారుకి బయల్దేరగానే అక్కయ్య తిట్లు పడలేక బావమరిది గిన్నె తోమాడు, దుప్పటి నానబెట్టాడు, పంపుని గోనెసంచిలో వేసుకెళ్లి సందు చివరి పాత ఇనుము కొట్లో అమ్మేశాడు. రెండు టీలకి సరిపడా వచ్చింది. బావకి ఒక పని తగ్గించానని చాలా సంతోషపడ్డాడు.

ప్రూఫులాయన నాలుగు కొట్లు తిరిగాడు. ఎక్కడా ఆ మోడల్ పంపు లేదు. అయిదో కొట్టువాడు ఎవరికో ఫోన్ చేసి, "అదృష్టవంతులు సార్! ఇప్పుడే దిగిందట. గంటలో కడిగించి తెప్పిస్తా" అన్నాడు.

"బాగా పనిచేస్తుందా?"

"ఎవరో పెద్దాయన బండిది సార్. ఒక్క చేతి మీద నడిచిన సరుకు."

ఆ మాటకి ప్రూఫులాయన కళ్లు చెమర్చాయి. బేరమాడాలన్న సంగతి మరిచిపోయి అడిగినంతా ఇచ్చేశాడు. కొట్టువాడికే మొహమాటం వేసి, "పంపుని తిప్పే పాత బెల్టు మళ్లీ వేయకండి, ఇది ఊరికే తీసుకోండి" అని కొత్త బెల్టు చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. పంపుకి చుట్టిన కాగితం తమ పత్రికే. విప్పుతూనే ఆయన కళ్లు శీర్షిక మీద పడ్డాయి. అందులో అచ్చుతప్పు! తను దిద్దిన పేజీయే. ఆయన గుమ్మంలో కూలబడి ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఈలోగా బావమరిది పంపూ కొత్త బెల్టూ లాక్కుని కారు కింద దూరాడు.

"బావా, టార్చి ఇటు కొట్టు. ఆఖరి బోల్టు."

ప్రూఫులాయన టార్చి కొట్టాడు. కడిగిన పంపు తళతళలాడుతోంది. దాని వెనకవైపు, గోరంత, ఆకుపచ్చ చుక్క.

ఆయన టార్చి దగ్గరికి పెట్టి చూశాడు. "ఒరేయ్, పాత పంపేం చేశావురా?"

"అమ్మేశాగా బావా! టీ డబ్బులొచ్చాయి."

చచ్చిన పంపుని అంత డబ్బు పోసి కొని మళ్లీ అక్కడే బిగించామన్నమాట. అది చెప్పేలోపే లారీ గేటు ముందు ఆగింది. ఆయనకి ఏడుపొచ్చింది. కొత్త నూనె పోసి, ఆఖరిసారి నాన్న సీట్లో కూర్చుని, గేటు దాకా తనే నడుపుదామని ఇంజన్ స్టార్ట్ చేశాడు. స్టీరింగ్ మీద బలంగా పట్టు బిగించి తిప్పాడు. కారు వెన్నలా తిరిగి మల్లెతొట్టి మీదికెక్కింది.

లారీవాడు కింద పడున్న పాత బెల్టు తీసి చూశాడు. "అద్దంలా నున్నబడి జారిపోతోంది సార్. ఇదుంటే ఏ పంపైనా ఇంతే" అని బేరం పోయిన దిగులుతో వెళ్లిపోయాడు.

ఇల్లాలు పగిలిన తొట్టినీ, తిరిగే స్టీరింగునీ మార్చి మార్చి చూసింది. "మంచి పంపే దొరికిందండీ. ఎవరో పాపం ఎంత జాగ్రత్తగా వాడుకున్నారో!"

"అవును" అన్నాడు ప్రూఫులాయన కళ్లు తుడుచుకుంటూ. "మా నాన్నలాంటి మనిషే అయ్యుంటాడు."

ఆ రోజు ఆయన బజారు నుంచి తెచ్చిన వాటిలో కారుకి కావలసింది ఊరికే వచ్చిన బెల్టు ఒక్కటే.