అద్దంలో అక్కయ్య చెయ్యి

ఆ ఆదివారం ఉదయం ఆర్గన్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ కోటు తొడుక్కోవాలి, ఆరేళ్లుగా రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన కొత్త కీర్తనను కేథడ్రల్ ఆరాధనలో మొట్టమొదటిసారి వినిపించాలి, బిషప్ గారు నిద్రపోకుండా చూసుకోవాలి. ఆ చివరిదే కష్టం. పోయిన ఏడు ఇలాగే మరో కొత్త కీర్తన వినిపిస్తుంటే బిషప్ గారి గురక మైకులోంచి వీధిదాకా వినిపించింది.

"ఈసారి కూడా జనం కునికితే ఇక కొత్తవి వద్దు మాస్టారూ, హాయిగా పాతవే పాడుకుందాం," అని ఆయన మర్యాదగానే చెప్పేశారు. మాస్టారి బీరువాలో ఇంకా పద్నాలుగు కీర్తనలు తమ వంతు కోసం కాచుక్కూర్చున్నాయి మరి.

పేచీ అంతా వేగం దగ్గరే. గాయక బృందాన్ని చెయ్యి ఊపి నడిపించేది మాస్టారి సొంత అక్కయ్య. నెలరోజుల సాధనలోనూ ఆవిడ చెయ్యి పరుగెత్తింది, ఈయన వేళ్లు నడిచాయి.

"ఒరేయ్, ఇది కీర్తనట్రా, జోలపాటా?"

"దీన్ని గాంభీర్యం అంటారక్కయ్యా. నీకు తెలీదులే."

శనివారం నాటికి మాస్టారే దిగొచ్చారు. "సరే, రేపు నీ చెయ్యి ఎలా ఊగితే అలా వాయిస్తా. ఒట్టు!"

ఒట్టయితే వేశారు గానీ, ఆ ఆర్గన్ గోడవైపు తిరిగి ఉంటుంది. వీపు వెనకాల జరిగేది చూడాలంటే పైన బిగించిన చిన్న అద్దమే దిక్కు. ఆ అద్దంలో అక్కయ్య చేతిని చూసుకుంటూనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చారు. ఆ రోజు బిషప్ గారి ప్రసంగం నడుస్తుండగా మాస్టారికి నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకల మీద ఉన్నట్టుండి మమకారం పుట్టింది. అద్దాన్ని తన వైపు వంచుకుని, సుతారంగా దువ్వుకుని, మళ్లీ వెనక్కి తిప్పారు. తిప్పాల్సినంత తిప్పలేదు. కొంప మునిగింది అక్కడే.

ఇప్పుడు అద్దంలో ఉన్నది అక్కయ్య కాదు, ముందు బెంచీలోని మామ్మగారు. పుస్తకం చదివే కళ్లజోడులోంచి మాస్టారికి ఆనిందల్లా తెల్లబట్టలూ, ఊగే చెయ్యీ. అక్కయ్యవీ తెల్లబట్టలే. ఇక మామ్మగారంటారా, ఉక్కపోతకు ప్రాణం విసిగి, ఆరాధన కాగితంతో టపటపా విసురుకుంటున్నారు.

"బాబోయ్! సాధనలో కంటే రెండింతలు పెంచేసిందే!" అనుకున్నారు మాస్టారు. అయినా మాట మాటే. వేళ్లను ఉరికించారు.

అవతల అక్కయ్య కథ వేరు. పొద్దున్నే టిఫిన్ చేస్తుండగా ఆవిడ మనసు కరిగింది. పాపం, ఆరేళ్లు కష్టపడ్డాడు, వాడిష్టప్రకారమే కానిద్దాం అనుకుని, నింపాదిగా చెయ్యెత్తింది. ఆ చెయ్యి సగం లేచేసరికి ఆర్గన్ మూడో చరణంలో ఉంది. ముప్పైమంది గాయకులూ చేతిని వదిలేసి ఆర్గన్ వెంటపడ్డారు. అక్కయ్య వాళ్ల వెంటపడింది.

అంతలో మామ్మగారికి తుమ్ము రాబోయి, చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆర్గన్ టక్కున ఆగింది. ముప్పై నోళ్లు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోయాయి. చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దం. ఇక్కడ ఆగమని నేను రాయలేదే అని మాస్టారికి ముచ్చెమటలు పట్టాయి. తుమ్ము పేలింది, చెయ్యి ఎగిరిపడింది. మాస్టారు మెట్ల మీద పది వేళ్లూ, కింది పెడళ్ల మీద రెండు కాళ్లూ ఒక్కసారే వేశారు. కిటికీలు గలగలలాడాయి.

సరిగ్గా అప్పుడే మామ్మగారు ఆలస్యంగా వచ్చిన కోడలిని చూసి, "ఇలా రా, ఇలా రా" అని రెండు చేతులా పిలిచారు. ఇంకా, ఇంకా అంటోంది కాబోలని మాస్టారు మోత పెంచే మీటలన్నీ లాగేశారు. ఆర్గన్ అంత గట్టిగా మోగితే లేచి నిలబడడం అక్కడి వాళ్లకు అలవాటు. కేథడ్రల్ మొత్తం లేచింది. మామ్మగారూ లేచి, కాగితాన్ని చంకలో పెట్టుకున్నారు. అద్దంలో చెయ్యి మాయం! మాస్టారు ఠక్కున ముగించేశారు. ఇంకా రెండు పేజీలు మిగిలే ఉన్నాయి. పదకొండు నిమిషాల కీర్తన నాలుగు నిమిషాల్లో కడతేరింది.

ఆరాధన ముగిసీ ముగియగానే అక్కయ్య ఊడిపడింది. "ఎవరు తరిమార్రా నిన్ను?"

"నువ్వే! నీ చెయ్యి చూసేగా వాయించాను! నా కొంప ముంచావు కదక్కయ్యా!"

"నేనా? నీకోసం నత్తలా ఊపితేనూ!"

"నాకోసమా?" మాస్టారికి నెలరోజులు ఆవిడతో పోట్లాడినందుకు సిగ్గేసింది. ఆవిడ మొహం చూడలేక అద్దం వంక చూశారు. అందులో మామ్మగారు కోడలికి కబుర్లు చెబుతూ టపటపా విసురుకుంటున్నారు. అక్కయ్య కూడా తొంగిచూసింది. "ఈవిడ చెయ్యి చూసుకునా నువ్వు వాయించింది!" అంది.

పద్నాలుగు కీర్తనలకూ మాస్టారు మనసులోనే వీడ్కోలు చెబుతుండగా బిషప్ గారు రొప్పుతూ వచ్చారు. "మాస్టారూ! ఒక్కరు కునకలేదు, నాతో సహా! ఆ ఆగడమేమిటి, ఆ పిడుగేమిటి! వచ్చే నెల మహాసభకి బిషప్పులంతా వస్తున్నారు. అచ్చం ఇలాగే ఉండాలి సుమండీ, ఒక్క ముక్క మారకూడదు!"

ఆయన అటు వెళ్లగానే తమ్ముడూ అక్కా వెళ్లి మామ్మగారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పి, వచ్చే నెల కూడా అదే బెంచీలో కూర్చోమని బతిమాలారు.

మామ్మగారు విసురుకోవడం ఆపి అంతా విన్నారు. "వస్తాలే నాయనా, దాన్దేముంది. ఆ రోజు చల్లగా ఉంటే మాత్రం నా పూచీ లేదు."