ఇంటికి నాలుగు కప్పులు

ఆదివారం ఉదయం అరసున్న ముందున్న పని ఒక్కటే, మధ్యాహ్నం సభకి వచ్చేవాళ్ళకి టీ ఏర్పాటు చేయడం. అరసున్న అతని అసలు పేరు కాదు. పత్రికలో ప్రూఫ్‌రీడరు ఉద్యోగం. తెలుగు రాతలోంచి అరసున్న మాయమైపోయిందని ఇప్పటికీ కుమిలిపోయే మనిషి కాబట్టి వీధివాళ్ళు చాటుగా అలా పిలుచుకునేవారు. ఎదురుపడితే మాత్రం "గురువుగారూ" అనేవారు.

వీధి చివర ఒక పల్లం ఉంది. వాన పడితే చుట్టుపక్కల నీళ్ళన్నీ అందులోకే పోతాయి. మిగతా రోజుల్లో బురద, తుంగ, కప్పలు, వాటికోసం వచ్చే కొంగలు. దాన్ని పూడ్చి పెద్ద షాపింగ్ మాల్ కడతామని ఒక కంపెనీ దిగింది. పల్లం పూడితే ఆ నీళ్ళు ఎవరి ఇంట్లోకి వస్తాయో అరసున్నకి బాగా తెలుసు, పల్లాన్ని ఆనుకున్న మొదటి ఇల్లు అతనిదే. అందుకే పోరాట సంఘానికి కార్యదర్శి అయ్యాడు. అయ్యాడే గాని ఒక్క పోస్టరునీ గోడెక్కనివ్వలేదు. "పర్యావరనం ఏమిటయ్యా, పర్యావరణం!" అంటూ ప్రతిదాన్నీ వెనక్కి తెప్పించేవాడు.

"ఈ స్థలంలో చెప్పుకోదగ్గ జీవజాలం లేదు" అని కంపెనీ తన నివేదికలో రాసుకుంది. అది నిజమో కాదో తేల్చడానికి ఆ మధ్యాహ్నం సభకే ప్రభుత్వాధికారి వస్తున్నాడు.

"పేపరు కప్పుల్లో టీ తాగి అక్కడే పారేస్తే ఇంక పర్యావరణం గురించి మనమేం మాట్లాడతామండీ? ఇంటికి నాలుగు కప్పులు తెమ్మనండి, అందరికీ సరిపోతాయి" అంది భార్య.

మాట బాగుంది. అరసున్న వెంటనే ఫోను తీసి వీధి మొత్తానికి మెసేజ్ పంపాడు. "మధ్యాహ్నం సభకు ఇంటికి నాలుగు కప్పలు తప్పక తీసుకురండి. శుభ్రంగా కడిగి, గుడ్డలో చుట్టి, జాగ్రత్తగా తేగలరు." పంపేముందు రెండుసార్లు చదివాడు. "తేగలరు" అనాలా "తీసుకురాగలరు" అనాలా అని కాసేపు మథనపడ్డాడు కూడా. కప్పులకి కొమ్ము పడలేదన్న సంగతి మాత్రం కంటికి ఆనలేదు. ఇన్నేళ్ళుగా ఊరందరి తప్పులూ ఏరిన కళ్ళు సొంత తప్పు దగ్గర కునుకు తీశాయి.

మొదటి ఫోను బావమరిదిది. అతను టైలరు, అదే వీధి.

"బావా, మెసేజ్ అదిరింది! ఇంతకీ చిన్నవా, పెద్దవా?"

"ఏవైనా పర్లేదురా. అన్నీ ఒకే సైజైతే చూడ్డానికి బాగుంటుంది."

"అలా ఏరుకుంటూ కూర్చుంటే పొద్దుపోతుంది బావా. దొరికినవి తెచ్చేస్తాం."

"దొరకడమేమిట్రా, మీ ఇంట్లో లేవూ?"

"ఇంట్లోనా! ఉంటే మీ చెల్లెలు నన్ను బతకనిస్తుందా?"

నాలుగు కప్పులకి కూడా గతి లేదంటే టైలరు పని ఎంత పడిపోయిందోనని అరసున్న మనసు చివుక్కుమంది. "పోనీ, ఇరుగుపొరుగుని అడుగు" అన్నాడు మెత్తగా.

"అందరం కలిసే వెళ్తున్నాం బావా, పల్లం దగ్గరికి."

"వెళ్ళండి, వెళ్ళండి. ఒకసారి కళ్ళారా చూసుకుని రండి."

కాసేపటికి వీధి ఖాళీ అయింది. పల్లం వైపు నుంచి కేకలు, నవ్వులు. అరసున్న కిటికీ దగ్గర నిలబడి పొంగిపోయాడు.

"చూశావా? ఒక్క మెసేజ్‌కి ఎంత కదలిక వచ్చిందో!"

"కదలికే. మోకాళ్ళదాకా దిగి మరీ కదులుతున్నారు. ఆ బకెట్లూ దిండు గలీబులూ ఎందుకండీ?" అంది భార్య.

"చెత్త ఏరుతున్నారు. అధికారి వస్తున్నాడు కదా."

సభ బడి హాల్లో. టీ కొట్టతను పెద్ద కెటిల్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "టీ రెడీ. కప్పులేవండీ?" అని వచ్చినవాళ్ళందర్నీ అడుగుతున్నాడు. ఎవరూ పట్టించుకోవడం లేదు. బావమరిది గర్వంగా వచ్చి క్యారేజీ మూత కాస్త తీసి చూపించాడు. లోపల నాలుగు కప్పలు, తళతళలాడుతూ, గొంతులు ఆడిస్తూ.

"బావా, నీ బుర్రే బుర్ర! జీవజాలం లేదన్న నోళ్ళు దీంతో మూతపడతాయి. పల్లంలో ఒక్కదాన్ని కూడా వదల్లేదు, అన్నీ ఊడ్చుకొచ్చాం."

అరసున్న గబగబా ఫోను తీసి మెసేజ్ చూసుకున్నాడు. ఈలోగా హాలంతా చప్పట్లు. పోస్టర్లు తిప్పికొట్టించుకుని తిట్టుకున్నవాళ్ళు కూడా వచ్చి చేతులు కలుపుతున్నారు. అప్పుడే నోరు విప్పి "పొరపాటైంది, తీసుకెళ్ళి వదిలేయండి" అని ఉంటే సరిపోయేది. కాని పాపం, అతన్ని అంతవరకూ ఎవరూ మెచ్చుకుని ఎరగరు. చాచిన చేతులన్నీ అందుకున్నాడు.

అధికారి ఆలస్యంగా వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా బురద. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"నేను ముందు పల్లానికే వెళ్ళొచ్చాను. కంపెనీ నివేదిక మీద నాకు నమ్మకం లేదు. ఒక్క కప్ప అరిచినా పని ఆపించేద్దామనే వచ్చాను. చాలాసేపు నిలబడ్డాను. కప్ప కాదు గదా, కొంగ కూడా లేదు."

"ఇవిగో సార్ కప్పలు!" అని వీధి వీధంతా ఒక్కసారే మూతలు తీసింది.

తర్వాత జరిగింది చెప్పడం కష్టం. బల్లల మీద కప్పలు, బెంచీల కింద కప్పలు, కెటిల్ మీద ఒకటి. అధికారి లెక్కపెట్టమన్నాడు. ఇటు ఒకదాన్ని పడితే అటు రెండు దూకుతున్నాయి. "కప్పల తక్కెడ" అన్న మాటని అరసున్న ఎన్నో వ్యాసాల్లో దిద్దాడు గాని, చూడటం అదే మొదలు.

అధికారి వెంట వచ్చిన కంపెనీ మనిషి వంగి ఒకదాన్ని పరీక్షగా చూశాడు. "పల్లంలోవైతే బురదేదండీ? ఇవి మెరిసిపోతున్నాయి. ఎక్కణ్ణుంచో కొనుక్కొచ్చారు."

"కడిగాం సార్! గురువుగారే కడిగి తెమ్మన్నారు!" అని బావమరిది మెసేజ్ తీసి చూపించాడు.

అధికారి అది చదివి తలెత్తాడు. "ఇందులో పల్లం ఊసే లేదే. కప్పల్ని కడగడమేమిటి? అసలు ఏ ఉద్దేశంతో రాశారండీ ఇది?"

కప్పదాటు సమాధానం ఏదైనా చెప్పొచ్చు. కాని అచ్చుతప్పు గురించి అబద్ధం ఆడటం అరసున్నకి చేతకాదు.

"అది... కప్పులండీ. కొమ్ము పడలేదు."

గుమ్మంలోంచి టీ కొట్టతని గొంతు వినిపించింది. "నేను ఇందాకట్నుంచీ అదే అడుగుతున్నా!"

అధికారి పెన్ను మూసేశాడు. అతని మొహంలో కోపం కూడా లేదు. "కప్పలుండాల్సిన చోట కప్పల్లేవు. కప్పులుండాల్సిన చోట కప్పుల్లేవు. నన్నేం రాయమంటారు చెప్పండి?"

కప్పలు గుమ్మం దాటి తారురోడ్డు మీదికి దూకాయి. మండుటెండ. బండ్లు ఆగలేదు. ఆ వివరాలు చెప్పబుద్ధి కావడం లేదు. దొరికిన కాసిన్నిటిని అరసున్న స్వయంగా బకెట్లో తీసుకెళ్ళి పల్లంలో వదిలి, చీకటి పడేదాకా గట్టు మీదే కూర్చున్నాడు. ఆ వారంలోనే మట్టి లారీలు వచ్చాయి.

మాల్ లేచింది. ఆ తర్వాతి వానాకాలం, మొదటి పెద్దవానకే నీళ్ళు ఎప్పట్లా వీధి చివరికి వచ్చాయి. అక్కడ గోడ ఉంది. వెనక్కి తిరిగి మొదటి ఇంట్లో దూరాయి. పొయ్యి మునిగింది. బియ్యం డబ్బా తేలింది. భార్యాభర్తలిద్దరూ మంచమెక్కి కూర్చున్నారు.

"ఇంత వానలోనూ ఒక్క కప్ప అరుపు లేదండీ. నాకదే బెంగగా ఉంది" అంది భార్య.

అరసున్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కళ్ళజోడు వానకి తడిసిందనుకుంది ఆవిడ.

తెల్లారాక మాల్ తరఫున ఒక వ్యాను వచ్చింది. మునిగిన ఇళ్ళకి ఉచితంగా వేడి టీ. ఎవరో కిటికీలోంచి చెయ్యి చాచి రెండు పేపరు కప్పులు అందించారు. కప్పు మీద నవ్వుతున్న ఆకుపచ్చ కప్ప బొమ్మ. దాని కింద "ప్రకృతి ఒడిలో మీ షాపింగ్."

అరసున్న కళ్ళజోడు తుడుచుకుని ఆ ముక్క రెండుసార్లు చదివాడు. ఒక్క అచ్చుతప్పూ లేదు.