కందెనలో బోల్టు

ఆ పొద్దు చెంచురామయ్య పెట్టుకున్నది చిన్న పనే. పొద్దెక్కేలోపు ట్రాక్టరుకు ఆయిలు మార్చాలి, ఆపైన మడి దమ్ము చేయాలి. కాలవ నీళ్ల వంతు సాయంత్రం దాకా తనది. అది దాటితే నీళ్లు దిగువకు పోతాయి. మళ్లీ వంతు వచ్చేసరికి, ఇప్పటికే ముదురుతున్న మొలగొలుకుల వరి నారు పశువుల నోటికే. ఎద్దులను అమ్మి ఆ చిన్న ట్రాక్టరును తెచ్చినవాడు గనక, పోయి ఎవరినీ అరక అడిగే మొహం లేదు.

ఇంతమాత్రానికి మేస్త్రీ ఎందుకని తానే ట్రాక్టరు కింద దూరాడు. కంపెనీ మనిషి చెప్పినట్టే ఇంజను కాసేపు తిప్పి ఆపాడు. కింద గంగాళం పెట్టి, పానాతో ఆయిలు దిగే అడుగు బోల్టు వదులు చేశాడు. అది వేళ్లలోంచి జారి, కాగిన నల్ల ఆయిలుతో పాటు గంగాళంలో పడింది. చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. చల్లారాక తీయొచ్చులే అని చద్ది తాగడానికి లోపలికి పోయాడు.

వచ్చేసరికి భార్య వెంకటశేషమ్మ గంగాళాన్ని బూడిద పెట్టి తోముతోంది.

"దీంట్లో ఉండేది ఏమైందే?"

"కందెనా? పంచేసినా. పోలేరయ్య బండి కీచుమంటా పోతుంటే పిలిచి పోసినా. అది చూసి బండ్లోళ్లంతా వచ్చిరి. లేదంటానా?"

ఆ ఊళ్లో కందెన అడిగినవాడికి లేదనరు. అన్నవాడి బండి ఇరుసు విరుగుతుందని నమ్మకం. ఇచ్చింది తిరిగి అడగడం అంతకన్నా పాపం. బండి కింద నల్లగా, జిగటగా ఏది కనిపించినా వెంకటశేషమ్మకు అది ఇరుసుకు పూసే కందెనే.

"దాంట్లో బోల్టు ఉండాదే!"

"నా గంగాళం ఎత్తుకుపోయేటప్పుడు నాకు చెప్పినావా?"

చెంచురామయ్య ఆ కాళ్లతోనే పోలేరయ్య ఇంటికి పోయాడు.

పోలేరయ్య అప్పటికే బండి కింద వేలాడే వెదురు గొట్టం నిండా కందెన నింపుకున్నాడు.

"ఒకసారి ఆ గొట్టం వంచురా. బోల్టు పడిపోయింది."

"పోసిన కందెన ఎనక్కి తీసుకుంటావా అన్నా?"

"కందెన కాదురా, బోల్టు!"

"బోల్టు కోసం ఎవురన్నా ఇంతగా చెమటలు కారుస్తారా?" అని పోలేరయ్య అనుమానంగా చూసి, గొట్టం వీపు వెనక దాచుకున్నాడు.

చెంచురామయ్య రెండో ఇంటికి పోయేలోపే మాట ముందు నడిచింది. ఇచ్చింది తిరిగి అడుగుతున్నాడని కొందరు తలుపులు మూసుకున్నారు. ముసలి నాగులమ్మ మాత్రం అరుగు మీద కాళ్లు చాపుకొని, "నేను మోకాళ్లకు పూసుకున్నా నాయనా. శానా సుఖంగా ఉండాది. ఎతుక్కుంటే ఎతుక్కో" అంది.

ఆ మాట వీధి మలుపు తిరిగేసరికి బోల్టు కాస్తా బంగారపు ఉంగరమైంది. ఇంకేముంది, మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరి కందెన వాళ్లు గంపల్లో పోసి వడగట్టారు. వీధంతా నల్లబడింది. ఆ జిగటలో జారి పడినవాళ్లు కూడా చెంచురామయ్యనే తిట్టారు.

మధ్యాహ్నం తిరిగేసరికి పోలేరయ్య మొహం వేలాడేసుకొని వచ్చాడు.

"దొరికింది గానీ బంగారం కాదన్నా. ఉత్త ఇనుము. కాలవలోకి ఇసిరేసినా."

చెంచురామయ్య ఇంటికొచ్చి, బోల్టు బెజ్జంలో వేపచెక్క బిరడా కొట్టి, డబ్బాలోని కొత్త ఆయిలు పోశాడు. బిరడా ఊడి పడింది. ఆయిలంతా నేల తాగింది. కొత్త బోల్టుకు నాయుడుపేట పోయిరావాలంటే రేపటి మాట. కాలవలో నీళ్లు నిండుగా పోతున్న చప్పుడు వినిపిస్తోంది. నారుమడి వైపు చూడలేక, ట్రాక్టరు చక్రానికి తల ఆనించి కూలబడ్డాడు. సంవత్సరం గింజలు పోయినట్టే.

అప్పుడు వెంకటశేషమ్మ వీధిలోకి వచ్చి నిలబడింది.

"ఏమబ్బా, పొద్దున నా చేత్తో పోయించుకున్నోళ్లంతా ఉండారా? మీ బండ్లు కీచుమనకుండా పోతుండాయి గదా? మా మడి మాత్రం ఎండిపోవాల్నా?"

కందెన ఊరికే తీసుకున్నవాడికి ఆ మాట తగలక తప్పదు. బోల్టు విసిరేసినవాడు గనక పోలేరయ్య ముందు అరక కట్టాడు. వెంకటశేషమ్మ తమ్ముడు కామాక్షయ్య రెండోది. ఆ వెనక వీధి వీధంతా కదిలింది. నీళ్ల వంతు ముగిసేలోపు అన్ని జతల ఎద్దులూ కలిసి మడినంతా వెన్నలా చేసి పెట్టాయి.

చెంచురామయ్య గట్టు మీద నిలబడ్డాడు. సాయం పడదామంటే ఎవరూ నాగలి మేడి ఇవ్వలేదు.

"పక్కకి జరుగు బావా, బురద పడతాది" అన్నాడు కామాక్షయ్య.

ఆ సాయంత్రం మడిలో దిగనివి రెండే: ట్రాక్టరు, చెంచురామయ్య. ఇంటికి వచ్చాక చివాట్లు తిన్నది మాత్రం ఒక్కడే.