వర్క్‌షాపు మూసి వ్యాపారం నేర్పిన విధానం

విద్యార్థులకు వ్యాపారబుద్ధి రావాలంటే ముందు వాళ్ల చేతుల్లోంచి పనిముట్లు లాక్కోవాలి! నవ్వకండి. బల్గేరియాలో ఇరవై రెండేళ్లుగా ఇంజినీరింగ్ పాఠాలు చెబుతున్నవాణ్ణి, కళ్లారా చూసే చెబుతున్నాను.

మా యూనివర్సిటీలో ఒక వర్క్‌షాపు ఉండేది. గ్రీజు వాసన, లేత్ మిషన్ల రొద, వాటి మధ్య స్టొయిచ్కో మేస్త్రీ. ఛీ, ఎంత అనాగరికం! యూనివర్సిటీ పెద్ద రెక్టర్ గారు దాన్ని ఖాళీ చేయించి, మేస్త్రీని ఇంటికి పంపి, అక్కడ 'విద్యార్థి వ్యాపార కేంద్రం' తెరిచారు. అద్దాల గోడలు, నేలమీద రంగురంగుల దిండ్లు. అంత మెత్తటి దిండు మీద కూలబడితే ఐడియా రాకేం చేస్తుంది?

నన్ను మెంటార్‌ని చేశారు. నేను జన్మలో ఒక గుండీ కూడా అమ్మి ఎరగను. ఇంతకంటే అర్హత ఏం కావాలి?

కేంద్రం పెట్టిన మొదటి వ్యాపార ఐడియాల పోటీకి జోర్నిత్సా వచ్చింది. మూడో ఏడాది పిల్ల. మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, హాస్టల్లో చెడిపోయిన వాషింగ్ మిషన్లు బాగుచేసేది.

"యాప్ ఏదమ్మా?" అన్నారు రెక్టర్ గారు.

"యాప్ బట్టలుతకదు సార్. లేత్ పెట్టుకోవడానికి ఓ మూల ఇప్పించండి, చాలు."

ఎంత మోటు కోరిక! బహుమతి ప్లామెన్ అనే కుర్రాడికి వెళ్లింది. హాస్టల్లో ఏ వాషింగ్ మిషన్ ఖాళీగా ఉందో చెప్పే యాప్ అతనిది. వర్క్‌షాపు పోయాక బాగుచేసే దిక్కులేక అన్నీ ఖాళీగానే ఉన్నాయి. యాప్ ఒక్క తప్పూ చెప్పలేదు!

జోర్నిత్సా నా గదిలో కూర్చుని కాసేపు ఏడ్చింది. కళ్లు తుడుచుకుని తిన్నగా మేస్త్రీ ఇంటికి వెళ్లింది. ఇద్దరూ ఆయన గ్యారేజీలోనే రిపేరు షాపు పెట్టారు. ఆరు నెలల్లో ఊళ్లో హోటళ్ల మిషన్లన్నీ ఆ గుమ్మం ముందు వరస కట్టాయి.

వెంటనే కేంద్రంలో ఆమె ఫొటో వెలిసింది: 'మేం తయారుచేసిన వ్యాపారవేత్త'! రెక్టర్ గారు నన్ను వెంటబెట్టుకుని స్వయంగా పిలవడానికి వెళ్లారు.

"వారానికో గంట వచ్చి మన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమ్మా."

"పిల్లలు ఇక్కడే ఉన్నారు సార్. కాస్త పక్కకి జరగండి, వెలుతురు రావట్లేదు."

ఆమె వెనక మా విద్యార్థులు పద్నాలుగు మంది, మోచేతులదాకా గ్రీజుతో.

"నిలబెట్టి మాట్లాడతారేంట్రా? రెక్టర్ గారికి వేడి బానిత్సా ముక్క పెట్టండి" అన్నాడు మేస్త్రీ.

రెక్టర్ గారు ఆ జున్ను రొట్టె తినలేదు. మర్నాడే ఉత్తర్వు: కేంద్రానికి హాజరు కానివాళ్లు 'వ్యాపార సంస్కృతి' పరీక్షలో ఫెయిల్!

హాజరు తీసుకునేది నేనే. రోజూ ఉదయం ఖాళీ గదిలో పద్నాలుగు పేర్లు పిలుస్తాను. పద్నాలుగు సార్లూ "ఉన్నాను సార్" అని నేనే పలుకుతాను. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే విద్య ఈ కేంద్రంలో ఒంటబట్టింది నా ఒక్కడికే!