దెయ్యం అక్క బతికిన సినిమా

మన సినిమాల్లో అన్ని రకాల మనుషులకీ చోటు లేదని గోల పెట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. చోటెందుకు లేదండీ? బోలెడుంది. కాస్త చచ్చిపోవాలి, అంతే.

కావాలంటే ఈ కంప్యూటర్ దెయ్యాల సినిమాలు చూడండి. వైఫైలో తిరిగే దెయ్యం కుంటుతూ నడిచే ముసలాయన. స్మార్ట్ వాషింగ్ మెషీన్‌లోంచి లేచేది లావుపాటి ఆవిడ. లిఫ్టులో ఏడ్చేది ఎత్తుపళ్ల పిల్ల. ఇక బతికున్న హీరో, హీరోయిన్, పోలీసాఫీసరు, సైంటిస్టు అందరూ ఒకే పౌడరు డబ్బాలోంచి లేచొచ్చినట్టుంటారు. వైవిధ్యం లేక అల్లాడుతున్నది వాళ్లు కాదూ!

మా దెయ్యం అక్కనే తీసుకోండి. నిండైన నలుపు. సెట్లో టీ ఇచ్చే ఆయన నుంచి డైరెక్టరు దాకా అందరూ ఆవిడని దెయ్యం అక్కా అనే పిలుస్తారు. టైటిల్స్ పడ్డ కాసేపటికి ఏదో యాప్ డౌన్‌లోడ్ చేసుకుని చచ్చిపోవడం, ఆ తర్వాత సర్వర్ రూములో తిరగడం ఆవిడ పని. మేకప్ ఖర్చు కలిసొస్తుందని నిర్మాతకి ఆవిడంటే ప్రాణం.

చిక్కల్లా వాళ్లమ్మతోనే. కూతురు తెరమీదకి రాగానే పక్కసీటువాళ్లని మోచేత్తో పొడిచి, "మా అమ్మాయే" అంటుంది. కూతురు చావగానే బయటికొచ్చి మెట్లమీద కూర్చుంటుంది. "ఒక్క సినిమాలోనైనా చివరిదాకా బతికుండవే తల్లీ, కూర్చుని చూస్తాను" అని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. అక్కకీ అదొక్కటే కోరిక.

ఉండబట్టలేక వెళ్లి డైరెక్టరునే అడిగింది. "నువ్వు బతికితే జనం నమ్మరమ్మా" అన్నాడాయన. నిజమే కదా? సర్వర్లోంచి దెయ్యం వస్తే ఎవరైనా నమ్ముతారు. నల్లటి మనిషి ఇంటర్వెల్ దాటి బతికితే లాజిక్ ఏం కావాలి?

ఈలోగా, నల్లగా ఉన్నవాళ్లంతా మీ సినిమాల్లో చస్తారేమిటని జనం ఫోన్లలో దుమ్మెత్తిపోశారు. డైరెక్టరు కరిగిపోయాడు. కొత్త సినిమాలో దెయ్యాన్ని పట్టే హ్యాకరు వేషం అక్కకే ఇచ్చాడు. అక్క టైపు చేసింది, కాఫీ తాగింది, ఊపిరి పీల్చింది. శుభం కార్డు పడేదాకా పీలుస్తూనే ఉంది.

మొదటి ఆటకి వాళ్లమ్మ అందరికంటే ముందొచ్చి, మోచెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. సినిమా మొదలైంది, అయిపోయింది. మోచెయ్యి మాత్రం కదల్లేదు. లైట్లు వెలిగాక కూతురి వైపు తిరిగి, "నీ వేషం తీసేశారా ఏమిటే?" అంది.

"ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది నేనేనమ్మా."

బతికున్నవాళ్లు వెలిగిపోవాలని గ్రాఫిక్స్‌వాళ్లు అక్క ముఖానికి గోడకి సున్నం కొట్టినట్టు తెలుపు కొట్టేశారు. పన్లోపనిగా ముక్కు కూడా చెక్కేశారు. గొంతు ఇంకెవరిదో పెట్టారు.

తల్లి కూతురి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "దెయ్యమే నయమే. చచ్చేదాకా నువ్వే ఉండేదానివి" అంది. అక్కకి ఏడుపాగలేదు.

మర్నాడే అక్క డైరెక్టరుకి ఫోన్ చేసి, మళ్లీ దెయ్యం వేషమే ఇప్పించమని బతిమాలింది. ఆయన మనసు గాయపడింది పాపం. సాయంత్రం టీవీలో కూర్చుని చెప్పుకున్నాడు.

"మనం బతకనిస్తామన్నా, వాళ్లే వద్దంటున్నారండీ."